కాలువల ఫైలు, మూడో వరుస

జనవరి 5, ఆదివారం

ఈ నోటుబుక్కును ఏనాటికైనా తవ్వి తీయబోయే పురావస్తు శాఖ వారికి, జియా సరాయ్ మూడో అంతస్తు వాసులకు, గీజర్ రిపేరు చేయిస్తానని మూడు శీతాకాలాలుగా మాట ఇస్తున్న ఓనర్ చౌధరీ గారికి, ఈ కాగితం కోసం ప్రాణాలు వదిలిన ఊరూ పేరూ తెలియని వెదురు పొదకు, సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇందులో మహాపాతకాలు రాయబోతున్నాను. సింహాసనాలు, కుట్రలు, వెన్నుపోట్లు. చదివి ఎవరైనా మూర్ఛపోతే బాధ్యత నాది కాదు. ఒక్కటి మాత్రం ముందే మనవి. అసూయ అనే సరుకు ఈ పుటల్లో దొరకదు. వెతికాను, స్టాకు లేదు.

పురావస్తు శాఖ వారి సౌకర్యార్థం కొన్ని వివరాలు. 'సామంత' అనేది యుద్ధతంత్రం ఆటలకు ఇంజిన్. రాజ్యాలు, సైన్యాలు, కోటలు అన్నీ దాని మీద నడుస్తాయి. పదేళ్ల కింద నాగభూషణం అంకుల్ సరదాకి మొదలుపెట్టారు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో డిప్యూటీ సెక్రటరీ. సొంతూరు కాకినాడ, ఉండేది ఆర్.కె.పురం క్వార్టర్సు. మామూలు రోజుల్లో ఫైళ్లు, సెలవురోజుల్లో సామంత. ఎవరైనా సరే కొత్త రాజ్యమో, కొత్త ఏనుగులో ఒక ఫోల్డర్లో పెట్టి ఆటకి తగిలించుకోవచ్చు. దాన్ని మోడ్ అంటాం. మోడ్లన్నిటినీ వరసగా చదివి ఆటలోకి ఎక్కించేది లోడర్. ఆ లోడర్ నాది. మూడేళ్లుగా నాది. నా ఒక్కడిది.

నా లోడర్ రాజ్యాంగంలో రెండే అధికరణలు. మొదటిది, ఫోల్డర్ పేర్లను ఇంగ్లీషు అక్షరక్రమంలో చదువుతుంది, చివర చదివినదాని మాటే చెల్లుతుంది. అందుకని ఎవడో తెలివైనవాడు తన మోడ్ పేరు ముందు ఒక జెడ్ పెట్టాడు. పక్కవాడు రెండు పెట్టాడు. ప్రస్తుతం రికార్డు పదకొండు జెడ్లు. రెండో అధికరణ, ఫైల్లో ఏ వరుసైనా అర్థం కాకపోతే గొడవ చేయదు, వదిలేసి ముందుకెళ్తుంది. ఎప్పుడూ ఆగదు. అది క్షమాగుణం. రాసినవాడి స్వభావమే రాతకి వస్తుంది కదా.

ఇక భరద్వాజ్. నా రూమ్మేట్. జగిత్యాల. పక్కనే ఉన్న పెద్ద ఇంజినీరింగ్ సంస్థలో ఎం.టెక్. నేనేమో గేట్ కోచింగ్‌కని వచ్చి, గేట్ రాక, గురుగ్రామ్‌లో ఉద్యోగం వచ్చినా ఈ గల్లీ వదలని వాణ్ణి. వాడికి సామంతను పరిచయం చేసింది నేను. ఆరు నెలల కింద, బేర్ సరాయ్ మెస్సులో, రాజ్మా చావల్ ముందు. చరిత్ర దీన్ని గుర్తుంచుకోవాలి.

వాడు ఇవాళ లోడర్ మొత్తం తిరగరాసి అంకుల్‌కి పంపించాడు.

జనవరి 7

వాడు రాసింది చదివాను. ఏమంత బాగాలేదు.

జనవరి 8

మళ్లీ చదివాను. అక్కడక్కడా బాగుంది. అక్కడక్కడా అంటే మొదటి నుంచి చివరిదాకా.

జనవరి 10, శుక్రవారం

వాడి పద్ధతిలో జెడ్లు లేవు. ప్రతి మోడ్‌కీ ఒక మొదటి ఫైలు. అందులో ఒక వరుస రాసుకోవచ్చు, 'నేను ఫలానా మోడ్ తర్వాత' అని. పెళ్లిభోజనాల దగ్గర పెద్దలెవరో, బంతి ఎవరిదో ముందే చెప్పేసినట్టు. లోడర్ అవన్నీ చదివి వరస తనే కట్టుకుంటుంది. ఎక్కడైనా తప్పుంటే ఆగిపోతుంది. ఆగి, ఏ మోడ్, ఏ ఫైలు, ఎన్నో వరుస అని చెబుతుంది.

"ఆగిపోతే ఆడేవాడికి చిరాకు కదరా," అన్నాను. ఇద్దరం హీటర్ రాడ్ వేసిన బకెట్టుకి అటూ ఇటూ కాపలా కూర్చున్నాం.

"తప్పుంటె జెప్పాలె గద సాయీ. చెప్తె ఆళ్లే దిద్దుకుంటరు."

"నా లోడర్ ఎవర్నీ నొప్పించదు."

"నొప్పించది. గని మైథిలి మేడమ్ ఏనుగులు ఎనిమిది నెలల సంది గుర్రాల్లెక్క ఉరుకుతున్నయ్ గదరా."

నిజం. మైథిలి గారు ద్వారకాలో ఒక స్కూల్లో చరిత్ర చెబుతారు. 'ఓరుగల్లు' మోడ్ ఆవిడది. క్లాసులో పిల్లలతో ఆడిస్తారు. ఏనుగుల వేగం రాసిన వరుసలో ఏదో చిన్న తప్పు ఉంటే నా లోడర్ క్షమించి వదిలేసింది. దాంతో ఏనుగులు ఇంజిన్‌లో ముందే ఉన్న వేగంతో పరిగెత్తాయి. ఆవిడేమో ఆట తీరే అంత అనుకుని పిల్లలకి సర్దిచెప్పుకున్నారు. భరద్వాజ్ లోడర్ మొదటిసారి నడవగానే ఆగి చెప్పిందట: ఓరుగల్లు, సైన్యం ఫైలు, పద్నాలుగో వరుస.

ఆవిడ సామంత గ్రూపులో మెసేజ్ పెట్టారు. "భరద్వాజ్ గారూ, నా ఏనుగులు ఇవాళ ఏనుగుల్లా నడిచాయి. క్లాసంతా చప్పట్లు కొట్టింది."

మూడేళ్లలో నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని నేను కోరుకోనూ లేదు. ఊరికే లెక్క కోసం రాశాను.

జనవరి 12, ఆదివారం

అంకుల్‌కి షిల్లాంగ్ ట్రాన్స్‌ఫర్. ఫిబ్రవరి మూడున రిలీవ్. కొత్త పోస్టులో తీరిక ఉండదు కాబట్టి సామంత పనులు ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి అప్పగిస్తున్నారు. లోడర్ ఎవరికి అన్నదే మిగిలింది. చార్జ్ తీసుకున్నవాడి మాటే ఇక అందులో చెల్లుతుంది.

ఆయన ఇంజిన్ నడిపేది కూడా ఆఫీసు నడిపినట్టే. మనం ఏ మార్పు పంపినా కింద ఒక నోటు రాస్తారు. 'చూశాను.' 'ముందు కాగితాలు జతచేయండి.' 'ఆమోదించడమైనది.' అన్నిటికంటే భయంకరమైనది 'మాట్లాడండి.' అంటే ఇంటికి రమ్మని. భరద్వాజ్ మార్పు కింద ఇవాళ 'మాట్లాడండి' పడింది. పక్కనే నా పేరు కూడా రాశారు.

వెళ్లాం. ఆంటీ బొబ్బట్లు పెట్టింది. అంకుల్ మఫ్లర్ సర్దుకుంటూ, "చూడవయ్యా సాయినాథూ, సీనియారిటీ నీది. మెరిట్ ఏవో ఇతగాడిది అంటున్నారు. నేను రెండూ ఫైల్లో పెట్టి ముయ్యలేను," అన్నారు.

"మీ ఇష్టం అంకుల్," అన్నాను, నిండు వినయంతో. అంత వినయం నాలో ఉందని నాకే తెలియదు.

"వచ్చే ఆదివారం పందొమ్మిది. భోజనానికి వచ్చేయండి. నా లాప్‌టాప్‌లో నలభై ఒక్క మోడ్లున్నాయి. రెండు లోడర్లూ దాని మీదే నడుపుదాం. ఏది నిలబడితే దానికి చార్జ్. ఠీక్ హై?"

"ఠీక్ హై సార్," అన్నాడు భరద్వాజ్. వాడికి ఆయన సార్. నాకు అంకుల్. ఇందులో నాది పైచెయ్యి.

జనవరి 15

పొద్దున వాడు తన కప్పుతో పాటు నా కప్పు కూడా కడిగాడు. యుద్ధతంత్రంలో దీన్ని ముట్టడి అంటారు.

సాయంత్రం అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి, నాతో రెండు నిమిషాలు మాట్లాడి, "భరద్వాజ్ ఉన్నాడా, ఒకసారి ఇవ్వు నాన్నా," అంది. వాడితో పదకొండు నిమిషాలు. ఫోన్ తిరిగిస్తూ, "అమ్మ నువ్వు బక్కవడ్డవంటుంది, మంచిగ తినుమన్నది," అన్నాడు. నేను బక్కపడ్డ సంగతి నాకు వాడి ద్వారా తెలియాలి.

జనవరి 18

బట్టలు ఉతికాను. పొగమంచు. ఆరలేదు.

జనవరి 19, ఆదివారం

అంకుల్ ఇంటికి వెళ్లాం. పప్పుచారు, వంకాయ వేపుడు. భోజనం బాగుంది. వచ్చేశాం.

జనవరి 20, సోమవారం

నిన్న చలికి వేళ్లు కొంకర్లు పోయి సరిగా రాయలేదు. పురావస్తు శాఖ వారు మన్నించాలి.

ముందు నా లోడర్ నడిపారు. నలభై ఒక్క మోడ్లు, ఆగకుండా ఎక్కేశాయి. ఏనుగుల సంగతి ఎవరూ ఎత్తలేదు. తర్వాత భరద్వాజ్‌ది. ముప్పై రెండు మోడ్ల దాకా వెళ్లి ఆగింది. తెర మీద: 'ఓరుగల్లు, కాలువలు. ఈ రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగి ఉన్నాయి.'

అంటే ఓరుగల్లు 'నేను కాలువల తర్వాత' అంటోంది, కాలువలు 'నేను ఓరుగల్లు తర్వాత' అంటోంది. లక్నో నవాబులు రైలెక్కినట్టు. మీరు ముందు, కాదు మీరు ముందు. రైలు వెళ్లిపోతుంది. ఈ రకం చిక్కుకి మాత్రం వాడి లోడర్ ఫైలు, వరుస చెప్పలేదు, మోడ్ల పేర్లే చెప్పి ఆగుతుంది. ఆ ముక్క వాడింకా రాయలేదు.

'కాలువలు' మోడ్ నాది. చెప్పానో లేదో.

వాడు ఫోన్‌తో తెరని ఫోటో తీసుకున్నాడు. ఆంటీ పిలిచింది, అందరం భోజనానికి లేచాం. తిని వచ్చి రెండు మోడ్ల ఫైళ్లూ తెరిచి చూశారు. ఓరుగల్లులో 'కాలువల తర్వాత' అని ఉంది, అది ఉండాల్సిందే. కాలువల్లో అలాంటి వరుసే లేదు. చిక్కే లేదు. మళ్లీ నడిపితే వాడి లోడర్ నలభై ఒకటీ ఎక్కించేసింది.

మళ్లీ ఆగిపోయి ఉంటే బాగుండేది వాడికి. నడవడమే దెబ్బ తీసింది.

"ఇదేంటయ్యా," అన్నారు అంకుల్. "ఆగితే ఆగాలి, నడిస్తే నడవాలి. అన్నం ముందు ఒక మాట, అన్నం తర్వాత ఒక మాట చెప్పేవాడికి చార్జ్ ఎలా ఇచ్చేది?"

భరద్వాజ్ చెవులు ఎర్రబడ్డాయి.

చార్జ్ నాకు. నేనేమీ చేయలేదు.

జనవరి 22, బుధవారం

ఆఫీసు నుంచి వస్తూ ఆర్.కె.పురంలో దిగాను. అంకుల్ నిజంగానే కాగితం టైపు చేయించి ఉంచారు. చార్జ్ అప్పగించినవారు, కింద ఆయన సంతకం. చార్జ్ స్వీకరించినవారు, కింద నాది. రెండు ప్రతులు. ఆటలోని లోడర్‌కి ఇంత మర్యాద భూమ్మీద ఇంకెక్కడా జరిగి ఉండదు. నవ్వుకోవాల్సిన విషయం. నవ్వుకున్నాను. మెట్రోలో కాగితం మడత పడకుండా పట్టుకుని నిలబడ్డాను.

రూముకి వచ్చేసరికి భరద్వాజ్ వేడివేడి సమోసాలు తెచ్చి పెట్టాడు. "కంగ్రాట్స్ రా. నిజంగ. మూడేండ్లు జేసినవు, నీకే రావాలె."

రెండు తిన్నాను. చట్నీ బాగాలేదు.

జనవరి 24, శుక్రవారం

వాడు ఆ నలభై ఒక్క మోడ్లనీ తన లాప్‌టాప్‌లో పెట్టుకుని ఎనిమిది వందల సార్లు నడిపించాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఆగినా మంచిగుండు," అన్నాడు. "ఆగితె పట్టుకుంటుంటి. అరె, ఆ దినం నువ్వు గూడ ఆడనే ఉంటివి గద. ఏమన్న జూసినవా?"

"లేదు," అన్నాను.

నా లోడర్ రెండో అధికరణ. వదిలేసి ముందుకెళ్లాలి.

జనవరి 26, ఆదివారం

విమానాలు మా డాబా మీదుగా పోయాయి. గల్లీలో లడ్డూలు పంచారు.

అంకుల్ లాప్‌టాప్ సోఫా పక్కన టీపాయి మీద ఉంటుంది. ఊరికే గుర్తొచ్చింది.

జనవరి 28, మంగళవారం

మైథిలి గారి మెసేజ్. ఈసారి గ్రూపులో కాదు, భరద్వాజ్‌కే. వాడు చదివి వినిపించాడు. "తప్పు నా మోడ్‌లోనే ఉండుంటుంది అండీ. మీరు పంపిన ఫోటోలో తెర మీద మొదట నా మోడ్ పేరే కదా వచ్చింది. నాకు ఈ ఫైళ్లు సరిగా రాయడం రాదు. నా వల్ల మీ పని పోయింది. ఓరుగల్లు తీసేస్తున్నాను. పిల్లలకి పాఠం పుస్తకంలోంచే చెప్పేస్తాను."

"ఆమెది తప్పు లేదని రాసిన," అన్నాడు. "నమ్ముతలేదు. మరి ఎవరిది అంటుంది. నాదే మేడమ్ అని రాసిన."

"నీదా?"

"ఇంకెవరిదుంటది చెప్పు. ఇంకెవరు ముట్టిన్రు దాన్ని?"

నేను లేచి వెళ్లి కిటికీ వేశాను. అప్పటికే వేసి ఉంది.

ఆ ఆదివారం ఆంటీ వంటింట్లో ఉంది. మిక్సీ చప్పుడు. అంకుల్, భరద్వాజ్ బాల్కనీలో.

జనవరి 30, గురువారం

ఇవాళ ఇంటి నుంచే పని. రూమంతా కాగితాలు. భరద్వాజ్ తన లోడర్ మొత్తాన్ని ప్రింటు తీసి గోడకి అంటించాడు, పద్దెనిమిది పేజీలు. ఎర్ర పెన్నుతో ఒక్కో వరుస టిక్కు పెడుతూ వెళ్తున్నాడు. సంస్థలో గైడు తిట్టాడట, పది రోజుల నుంచి థీసిస్ ముట్టలేదని. మధ్యాహ్నం మెస్సుకి రమ్మంటే ఆకలైతలేదన్నాడు. నేను ఒక్కణ్ణే వెళ్లి, రెండు పార్సెళ్లు తెచ్చాను. వాడిది అలాగే చల్లారింది.

నాలుగింటికి ఎర్ర పెన్ను క్యాప్ పెట్టేశాడు.

"దొరికిందా?"

"లేదు. అదే భయమైతుంది." గోడ వైపే చూస్తున్నాడు. "నేను రాసిందే నాకు కనవడ్తలేదు సాయీ. రేపు ఉద్యోగంల గూడ గిట్లనే అయితే? ఎవని మీదనో పడ్తది." గోడ మీది మొదటి పేజీ ఊడదీస్తూ, "సార్ సోమారం రిలీవ్ అయితుండు గద. అంతకు ముందు, ఆదివారం పొద్దుగాల, నా మార్పు వాపస్ తీస్కుంటున్న అని రాస్త. తప్పు నాదే అని గూడ. మేడమ్ అన్న మనాది పెట్టుకోకుంట ఉంటది."

"తొందరెందుకురా."

"నీ లోడరే మంచిది. ఎవ్వల్ని ఏమనది."

ఇది పొగడ్త. మూడేళ్లుగా ఎదురుచూసిన పొగడ్త. దాన్ని నేను ఎలా స్వీకరించానో రాయాలని ఉంది, రాయడం లేదు.

ఫిబ్రవరి 1, శనివారం

క్షమాపణ చెప్పి మహాపాతకాలు రాస్తానని మొదటి పుటలో మాట ఇచ్చాను. పురావస్తు శాఖ వారు ఎదురు చూస్తుంటారు. ఇవిగో.

భరద్వాజ్ వాళ్లమ్మ పంపిన చింతకాయ తొక్కు సీసాలో నాలుగో వంతు వాడికి తెలియకుండా తిన్నాను. వాడి రిపోర్టు గడువు వారం ముందుకి జరిగిందని ఒకసారి బెదిరించి, వాడు బట్టలు మార్చుకోకుండా పరిగెత్తేదాకా ఆగి, అప్పుడు చెప్పాను. చౌధరీ గారికి కరెంటు మీటరు పైన పిట్టగూడు ఉందని చెప్పి రెండు వారాలు దాన్ని ముట్టనివ్వలేదు. ఆఫీసులో జ్వరమని చెప్పి కటవారియా సరాయ్‌లో క్రికెట్ ఆడాను. నా మోడ్‌కి జెడ్లు పెట్టనని సిద్ధాంతం మాట్లాడి, ఒక శుక్రవారం పన్నెండు జెడ్లు పెట్టి రికార్డు కొట్టి, సిగ్గేసి తీసేశాను.

బాగా ఉంది ఈ జాబితా. నిజాయితీగా ఉంది. మళ్లీ చదివితే, ఎక్కడా ఆగకుండా సాఫీగా ఎక్కేసింది.

ఒక వరుస వదిలేసి.

ఫిబ్రవరి 2, ఆదివారం

పొద్దున భరద్వాజ్ వాపస్ ఉత్తరం కాగితం మీద రాసుకుని నాకు చూపించాడు. తెలుగు సరిగ్గా ఉందా చూడమని. 'నా పొరపాటు వల్ల మైథిలి మేడమ్‌కి, సార్‌కి, సాయినాథ్‌కి కలిగిన ఇబ్బందికి మన్నించగలరు.' సాయినాథ్‌కి కలిగిన ఇబ్బంది. నా పేరు తప్పుల్లేకుండా రాశాడు.

"బాగుంది," అన్నాను.

"స్నానం జేసొచ్చి పెడ్త," అని బకెట్టులో రాడ్ వేసి టవల్ తీసుకున్నాడు. "నీళ్లు కాగినంక పిలువు."

నీళ్లు కాగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. చౌధరీ గారు గీజర్ బాగు చేయించి ఉంటే ఐదు నిమిషాలే. ఈ దేశంలో న్యాయం ఒక్కోసారి ఓనర్ల సోమరితనం మీద ఆధారపడుతుంది.

వాడు డాబా మీద ఎండలో కూర్చోడానికి వెళ్లాడు. పన్నెండు రోజుల తర్వాత ఎండ వచ్చింది. నేను సామంత పేజీ తెరిచాను. వాడి మార్పు కింద, అంకుల్ 'మాట్లాడండి' కింద, అందరూ చదివే చోట రాశాను. మొదట పెద్ద క్షమాపణతో మొదలుపెట్టాను. నాగభూషణం గారికి, తెలుగు జాతికి, అని. రెండు పేరాలు చాలా బాగా వచ్చాయి. తీసేశాను. చార్జ్ కాగితం చేత్తో చింపి ఫోటో పెడదామనుకున్నాను. అదీ నాటకంలా ఉంది. మడత పెట్టి కవరులో పెట్టాను, సాయంత్రం వెళ్లి ఆయనకే ఇస్తాను. మైథిలి గారి పేరు, భరద్వాజ్ పేరు ముందు రాసి, మీ ఇద్దరి ఫైళ్లలోనూ ఏ తప్పూ లేదు, ఆరోజు లోడర్ ఉన్నదున్నట్టే చెప్పింది, అని రాశాను. లోడర్ చెప్పలేకపోయినది ఒక్కటే మిగిలింది. అది ఎలా రాయాలో వాడే నేర్పించాడు.

నీళ్లు కాగాయి. రాడ్ తీసేశాను. వాణ్ణి పిలవాలి. ముందు ఇక్కడ కూడా అదే నకలు రాసి పెడుతున్నాను. మొదటి పుటలో స్టాకు లేదని రాసింది కొట్టేసుకోండి.

మోడ్: కాలువలు. ఫైలు: మొదటిది. వరుస: మూడు. జనవరి 19, మధ్యాహ్నం. అంకుల్ భరద్వాజ్‌కి బాల్కనీలో కరివేపాకు మొక్క చూపిస్తుండగా, టీపాయి మీద లాప్‌టాప్‌లో 'నేను ఓరుగల్లు తర్వాత' అని ఆ వరుస నేను రాశాను. అందరూ భోజనానికి చేతులు కడుక్కుంటుండగా చెరిపేశాను.